తాళి పడేదాకా ఊదుకో

పొయ్యి రాజుకోలేదు. నా బతుకంతా అక్కడే మొదలయింది.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. బరంపురంలో మా ఇంటి వెనక రేకుల వంటింట్లో అమ్మ తడి కట్టెలతో కుస్తీ పడుతూ, కళ్ళు తుడుచుకుంటూ, "ఊదుగొట్టం ఎక్కడెట్టినావే? బేగి తే!" అని అరిచింది. ఊదుగొట్టాన్ని ముందురోజే ఆడుకుంటూ మురిక్కాలవలో పడేశాను. ఆ ముక్క చెబితే నా వీపు విమానం మోతే. గోడకు నాన్న ట్రంపెట్ వేలాడుతోంది. అదీ ఊదేదే, ఇదీ ఊదేదే కదా అనుకున్నాను. దాని పెద్ద నోటిని పొయ్యిలోకి పెట్టి, చిన్న నోటికి నా మూతి ఆనించి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ఊదాను.

నిప్పు అంటుకోలేదు గానీ వీధి వీధంతా లేచింది. ఈనబోయే గేదె అరిచినట్టు ఒక మోత! అటక మీద పిల్లి అమ్మ నెత్తిన దూకింది. పక్కింటి ఒడియా పిన్ని పిండి చేతులతో పరిగెత్తుకొచ్చింది. బూడిద లేచి నా మొహాన, అమ్మ మొహాన, పప్పు గిన్నెలో పడింది. స్నానం చేస్తున్న నాన్న తువ్వాలు చుట్టుకుని వచ్చి నిలబడ్డాడు. ఇక అయిపోయాన్రా దేవుడా అని కళ్ళు మూసుకున్నాను.

"మల్లీ ఊదు," అన్నాడు నాన్న.

ఊదాను. ఈసారి పిల్లి వీధిలోకే పారిపోయింది.

"ఓలమ్మో! మా మేనల్లుడికి మూడు నెల్లు నేర్పితే గాలే తప్ప కూత రానేదు. దీనికి పొయ్యి కాడే వచ్చీసింది!" అని నాన్న తువ్వాలు జారిపోతున్నా పట్టించుకోకుండా నవ్వాడు. అమ్మ మాత్రం బూడిద కడుక్కుంటూ, "దాని మూతి వాసిపోతే రేపు ఎవుడు సేసుకుంటాడు?" అంది. అమ్మ అదే మాట తర్వాత పదిహేనేళ్ళు అంటూనే ఉంది.

నాన్న బ్యాండు మాస్టారు. పెళ్ళిళ్ళ రోజుల్లో ఎర్రకోటు, జరీ టోపీ. ఆషాఢంలో అదే మనిషి నిచ్చెన భుజాన వేసుకుని ఇళ్ళకు సున్నాలు వేసేవాడు. మొత్తం పదిమంది. క్లారినెట్టు, బాకాలు, డప్పులు, అన్నీ సొంతవే. అమ్మ అప్పడాలు ఒత్తేది. ఇంట్లో సాధన చేస్తే అప్పడాలు అదిరిపోతున్నాయని గొడవ పెట్టేది కాబట్టి, నాన్న నన్ను సైకిలు మీద గోపాలపురం సముద్రం దగ్గరికి తీసుకెళ్ళేవాడు. సముద్రం ఎంత ఊదినా ఊరుకుంటుంది. పెదాలు పగిలేవి, మీగడ రాసుకునేదాన్ని. రాసిన మీగడ నాకేసుకునేదాన్ని. మళ్ళీ రాసేవాడు పాపం నాన్న.

పద్నాలుగో ఏట మొదటి పెళ్ళి వాయించాను. అస్కాలో ఒడియా వాళ్ళ పెళ్ళి, సాయంత్రం ఊరేగింపు. సరిగ్గా ఆ ఉదయమే నాన్నకు గవదబిళ్ళలు వచ్చాయి. రెండు బుగ్గలూ కొబ్బరి బోండాల్లా వాచిపోయి నోరు తెరవలేకపోయాడు. మఫ్లరు చుట్టుకుని వచ్చి, మాట రాక చేత్తో నన్ను చూపించాడు. పెళ్ళికొడుకు తండ్రి నన్ను కిందినుంచి పైదాకా చూసి, "ఝియొ బజేఇబొ?" అన్నాడు, అమ్మాయి వాయిస్తుందా అని. నాన్న తలూపాడు. మఫ్లరు ఊడిపోయింది. నాన్న బుగ్గలు చూసి ఆయన ఇంకో మాట మాట్లాడకుండా నాలుగడుగులు వెనక్కి తగ్గాడు.

నేను మొదలుపెట్టాక ఏం జరిగిందో చెబితే గొప్పలు చెప్పుకుంటోంది అంటారు. అననివ్వండి. బరాతులో ఉన్న జనమంతా ముందుకొచ్చి నా చుట్టూ మూగారు. ఆడవాళ్ళు అరుగులు దిగి వచ్చారు. జనం నాతో నడుస్తున్నారు, నేను ఊగిపోతూ నడుస్తున్నాను, చాలాసేపటికి ఎవరో వెనక్కి చూసి గుండె బాదుకున్నారు. పూలకారు ఎక్కడో వెనక ఉండిపోయింది, అందులో పెళ్ళికొడుకూ డ్రైవరూ ఇద్దరే ఉన్నారు. పెళ్ళికొడుకు ఇంక లాభం లేదనుకుని కారు దిగి, కిరీటం చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చి మాతో కలిసి డాన్సు చేశాడు. ఆ రోజు నాకు ఒక విషయం తెలిసిపోయింది. నాకు ఇదే కావాలి. ఇంకేదీ ఇంత బాగుండదు.

తర్వాత బ్యాండుతో పాటు స్టేజీ కూడా ఎక్కాను. మా వైపు పాటల ఆర్కెస్ట్రాని మెలోడీ అంటారు. వినాయక చవితికి, దసరాకి ఊరూరా మెలోడీలే. నేను ట్రంపెట్ ఊదుతూ డాన్సు చేసేదాన్ని, మధ్యలో జోకులు చెప్పేదాన్ని, తెలుగులో మొదలుపెట్టి ఒడియాలో ముగించేదాన్ని. నా పేరు మోసిన ఐటం ఒకటుండేది. ఒకే ఊపిరిలో ఒకే సుతి పట్టి నిలబడతాను, జనం ఏకొ, దుయి, తిని అని లెక్కపెట్టాలి. ఖల్లికోటలో ఒకసారి చిలికా సరస్సులో చేపలు పట్టే పెద్దాయన ఒకడు లేచి, నీళ్ళలో మునిగే మా ఊపిరి ముందు నీ ఊపిరెంత అని సవాలు చేశాడు. సరే రమ్మన్నాను. స్టేజీ మీదకు బకెట్టుతో నీళ్ళు తెప్పించారు. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని తల బకెట్లో పెట్టాడు, నేను ఊదడం మొదలుపెట్టాను.

అరవై దాటేసరికి నాకు చుక్కలు కనిపించాయి. అరవై ఎనిమిది దగ్గర ఆపేశాను. ఆయన తల ఎత్తలేదు. ఎనభై అయింది. జనం లెక్క ఆపేశారు. ఓరి నాయనో, మనిషి పోయాడేమో అనుకున్నాను! వాళ్ళావిడ తాపీగా స్టేజీ ఎక్కి, ఆయన వీపు మీద ఒక్కటి చరిచి, "ఉఠొ!" అంది, ఇక లెమ్మని. ఆయన గడ్డం నుంచి నీళ్ళు కార్చుకుంటూ లేచి, అయిపోయిందా అని అడిగాడు. మర్నాడు మేం బండెక్కేటప్పుడు ఆవిడ బుట్టెడు రొయ్యలు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఓడిపోయి కూడా నేను అంత సంబరపడింది ఆ ఒక్కసారే.

ఇలా నా రోజులు గంతులేస్తూ పోతుంటే, ఇంట్లో అమ్మకు మాత్రం నిద్ర పట్టేది కాదు. సంబంధాలు వచ్చేవి, పోయేవి. పై పెదవి మీద మౌత్‌పీసు పెట్టీ పెట్టీ చిన్న గుండ్రటి కాయ కాసింది. పెళ్ళిచూపులకొచ్చిన ఒకావిడ దాన్ని చూసి, "ఏటమ్మా అది, పుట్టుమచ్చా, మందేటైనా రాస్తన్నారా?" అంది. "కాదండీ, ఉద్యోగం," అన్నాను. అమ్మ నా తొడ మీద గిల్లిన గిల్లుడు ఇప్పటికీ గుర్తే.

మా ఆయన దొరికింది చికిటిలో. పొలాల్లో నీళ్ళ మోటార్లు బాగుచేసే మెకానిక్కు. మెలోడీ మధ్యలో జనరేటరు ఆగిపోతే పిలిచారు. అది బాగయ్యేలోపు నా ట్రంపెట్ బటను ఒకటి బిగిసిపోయి ఉంటే, దాన్నీ అడిగి తీసుకుని, విప్పి, తుడిచి, చుక్క నూనె వేసి ఇచ్చాడు. ఇస్తూ, "మీరు ఊదతా ఉంటే నాకు ఊపిరాడదండి," అన్నాడు. అని వెంటనే భయపడిపోయి, "అంటే, బాగుంటాదని," అన్నాడు. అంతే, నేను పడిపోయాను. ఆర్నెల్లు తిరక్కుండానే వాళ్ళ పెద్దల్ని మా ఇంటికి తీసుకొచ్చాడు.

వాళ్ళ అమ్మ, అంటే మా అత్త, వరి పొలాలు దగ్గరుండి దున్నించుకునే మనిషి. మంచిదే. కానీ శకునాలు! పిల్లి ఎదురొస్తే ఇంటికి తిరిగొచ్చేస్తుంది. ఎవరైనా తుమ్మితే కూర్చుని మంచినీళ్ళు తాగి గాని గడప దాటదు. మా ఇంటికి వచ్చే దారిలో ఆటోవాడు తుమ్మాడని ఆటో ఆపించి రోడ్డు పక్కన కూర్చుందట. అలాంటి మనిషి మా వరండాలో కూర్చుని, టీ పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టి చెప్పింది.

"పిల్ల నాకు నచ్చినాది. మా ఓడికీ నచ్చినాది. ఒకటే మాట. ఊరేగింపుల్లో ముందర నడిసి బాకా ఊదే కోడలు మా ఇంట ఎవులికీ నేదు. తాళి పడేదాకా ఊదుకో. పడినాక ఒగ్గెయ్యాల. నా తల మీద సెయ్యేసి ఒట్టెయ్యి."

నాన్న లేచి నిలబడ్డాడు. "ఇంకో సంబంధం సూసుకుందాం అమ్మీ," అన్నాడు నాతో, వాళ్ళెదురుగానే. ఆయన, నా కాబోయే మొగుడు, తల వంచుకుని, "అమ్మకి నాను ఎదురు సెప్పలేనండి. అబద్ధం సెప్పి మిమ్మల్ని తీసుకెల్లనూలేను," అన్నాడు. ఆ నిజమే నన్ను ముంచింది. ఏం చెప్పమంటారు, నాకు రెండూ కావాలి. మనిషీ కావాలి, బాకా కావాలి. గట్టిగా అరవాలనిపించింది. అరవకుండా వెళ్ళి, కొబ్బరినూనె రాసిన ఆ తల మీద చెయ్యి వేశాను. ఒట్టు తప్పితే ఆవిడ ప్రాణానికే ముప్పని ఆవిడ నమ్మకం, అప్పటికి నాదీ అదే నమ్మకం. అమ్మ లోపల స్వీట్లు సర్దుతోంది.

అప్పటినుంచి పెళ్ళిదాకా ఉన్న నెల రోజులూ పిచ్చిదానిలా ఊదాను. పొద్దున ఊదాను, మధ్యాహ్నం ఊదాను, అప్పడాలు అదిరినా అమ్మ ఒక్క మాట అనలేదు. పాట పూర్తయిన ప్రతిసారీ ఇంకా ఎన్ని రోజులు మిగిలాయో అని వేళ్ళు మడిచేదాన్ని.

పెళ్ళి బరంపురంలోనే, మా పేట చివర కళ్యాణ మండపంలో. ముహూర్తం పొద్దున తొమ్మిదింబావుకి. మేనమామ నన్ను గంపలో కూర్చోబెట్టి మండపంలోకి ఎత్తుకెళ్ళాలి కదా. నేను పట్టుచీర కుచ్చిళ్ళ కింద ట్రంపెట్ దాచుకుని కూర్చున్నాను. తాళి పడేదాకా నాదే కదా, అంతవరకూ నా పక్కనే ఉండనీ అని. మామ గంప ఎత్తి, "ఏటే బాబూ, ఇత్తడి బిందె మింగినావేటే?" అని మూలిగాడు. పీట మీదకు దిగాక దాన్ని చీరచాటున పక్కన పెట్టుకున్నాను. జీలకర్రా బెల్లం అయింది. అమ్మా నాన్నా పీటల మీద, ఎదురుగా అక్షింతల పళ్ళెంతో అత్త. అత్త ముక్కు దానిమ్మ పువ్వులా ఉంది. రొంప! తెల్లారినుంచి కొంగుతో ముక్కు అదిమి పట్టుకునే ఉంది, పాపం.

పంతులుగారు తాళి ఎత్తి ఆయన చేతికి ఇచ్చి, "గట్టిమేళం! గట్టిమేళం!" అన్నారు.

చడీ చప్పుడు లేదు.

తాళి కట్టేటప్పుడు తుమ్ము గాని, దగ్గు గాని, చెడ్డమాట గాని ఎవరి చెవినా పడకూడదనే కదా గట్టిమేళం. అది లేకుండా ముడి వెయ్యరు. పంతులుగారు మళ్ళీ అరిచారు. పీటల హడావుడిలో అప్పటిదాకా మేళం లేదని ఎవరూ గమనించనే లేదు. నాన్న మెడ సారించి చూశాడు. "మనోల్లు ఏరీ?" అన్నాడు. మనవాళ్ళు టిఫిన్ల మొదటి బంతిలో ఉన్నారు! పదిమందికి పదిమంది, ఇస్త్రీ పంచెల్లో, పెళ్ళాం పిల్లలతో, పూరీ విస్తరి ముందు. ఎక్కడ వాయించినా ఆఖరి బంతిలో చల్లారిన అన్నం తినే వాళ్ళు, జన్మలో మొదటిసారి మొదటి బంతిలో కూర్చున్నారు. మాస్టారి ఇంటి పెళ్ళి కాబట్టి మమ్మల్ని చుట్టాల్లా కూర్చోబెట్టి వేరే బ్యాండు పెట్టి ఉంటాడని వాళ్ళనుకున్నారు. నా కూతురి పెళ్ళికి వీళ్ళు కాక ఎవరు వాయిస్తారని నాన్న అనుకున్నాడు. అడిగితే బాగోదని వాళ్ళు అడగలేదు, చెబితే బాగోదని నాన్న చెప్పలేదు. డప్పులూ బాకాలూ ఊరి ఆ చివర షెడ్డులో తాళం వేసి ఉన్నాయి.

క్లారినెట్టు మామ పూరీ చేత్తో పరిగెత్తుకొచ్చి తల బాదుకున్నాడు. డ్రమ్ము మామ ఇంకేం ఆలోచించకుండా ఉప్మా గుండిగ బోర్లించి గరిటతో దరువు మొదలుపెట్టాడు. దానికి జనం నవ్వడం మొదలుపెట్టారు. "ముహూర్తం దాటిపోతోంది!" అని పంతులుగారు. "మేళం నేకుండా కట్టకూడదు, కట్టకూడదు!" అని అత్త. అంటుండగానే ఆవిడ ముక్కుపుటాలు అదిరాయి. కళ్ళు సగం మూతపడ్డాయి. నేను ఎదురుగా ఉన్నాను, నాకు స్పష్టంగా కనిపిస్తోంది. వస్తోంది. తుమ్ము వస్తోంది. కొడుకు మెళ్ళో పూలదండ, చేతిలో తాళి, తల్లి ముక్కులో తుమ్ము!

అత్త కళ్ళు నా చీరచాటున మెరుస్తున్న ఇత్తడి మీద పడ్డాయి.

"ఊదే పిల్లా!"

"అత్తా, ఒట్టు..."

"తాళి ఇంకా పడనేదు కదే! ఊదు!"

ట్రంపెట్ ఎత్తాను. కుడిచేతి వేళ్ళకంతా జీలకర్ర బెల్లం. మధ్య బటను నొక్కితే లేవదు, ఎడంచేత్తో పైకి లాగుతూ ఊదాను. ఎలాగైతేనేం, మోగింది. మండపం కప్పు ఎగిరిపోయేలా మోగింది. గుండిగ దరువు అందుకుంది. మా ఆయన వంగి మొదటి ముడి వేశాడు. ఆ ముడి నా మెడ వెనక బిగిసినట్టు తెలియగానే నా చేతులు వాటంతట అవే దిగిపోయాయి. తాళి పడింది. ఒట్టు ఒట్టే. ఆవిడ తల మీద వేశాను కదా!

గుండిగ కూడా ఆగింది. అత్త ముక్కు రెండు చేతుల్తో మూసుకోబోయింది గాని చేతుల్లో పళ్ళెం ఉంది. మొహం ఎర్రగా కందిపోయి, పళ్ళ మధ్యనుంచి, "ఆపకే! ఊదు!" అంది.

"నీ తల మీద ఒట్టేశానత్తా!"

"నా తల సంగతి నాను సూసుకుంటాను! ఊదే, ఊదూ!"

ఊదాను. నా జన్మలో అంత పైసుతి ఎప్పుడూ పట్టలేదు. రెండో ముడి. అత్త తుమ్మింది. ఆ తుమ్ముకు ఆవిడ రెండడుగులు వెనక్కి వెళ్ళింది, పళ్ళెం ఎగిరింది, పళ్ళెంలోని అక్షింతలన్నీ లేచి వచ్చి మా ఇద్దరి మీదా పడ్డాయి. ఆహా, పెద్దావిడ ముందుగా దీవించేసింది అనుకుని జనమంతా గుప్పిళ్ళు విసిరారు. తుమ్ము ఒక్కరంటే ఒక్కరికి వినబడలేదు. మూడో ముడి పడ్డాక కూడా నేను ఆపలేదు. పంతులుగారు చెయ్యెత్తి బతిమాలితే అప్పుడు ఆపాను. ఏడుపూ నవ్వూ కలిసి ఎక్కిళ్ళు వచ్చాయి.

అయిపోయిందనుకున్నాను. పట్టుచీర చెంగుతో బెల్లం తుడిచి, ట్రంపెట్ నాన్న చేతిలో పెట్టాను. నాన్న దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తల తిప్పుకున్నాడు. ఆ మధ్యాహ్నం భోజనంలో ఏం వడ్డించారో నాకు తెలీదు. తాళి వంక చూస్తే సంతోషం, నాన్న చంక వంక చూస్తే దుఃఖం. బ్యాండువాళ్ళు షెడ్డు తాళం తీసి సామాను తెచ్చుకుని, తప్పు చేసిన వాళ్ళలా అప్పగింతల దాకా ఆగకుండా వాయించారు.

కారెక్కే వేళ అయింది. అమ్మ నన్ను పట్టుకుని వదలడం లేదు. ముందు సీట్లో కూర్చున్న అత్త కిటికీలోంచి వేలితో నన్ను పిలిచింది. వంగాను. చుట్టూ ఒకసారి చూసి, నా చెవిలో, "ఎవులైనా ఇన్నారేటే?" అంది.

"ఏటత్తా?"

"అదేనే."

"ఎవులూ ఇన్నేదత్తా. ఎదురుగుండా ఉన్న నాకే ఇనబడనేదు."

అత్త గొంతు పెంచి, "అన్నయ్యగోరూ, ఆ బాకా ఇలగియ్యండి," అంది. నాన్న తెచ్చి ఇచ్చాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మౌత్‌పీసుని తన కొత్త చీర కొంగుతో తుడిచి, కిటికీలోంచి నా చేతుల్లో పెట్టింది.

"నా తల మీది ఒట్టు నానే తీసీసినాను," అంది. "నాకు రొంప ఎప్పుడొస్తాదో నాకే తెల్దు. ఉంచుకో."

బరంపురం నుంచి చికిటి దాకా కారు కిటికీలోంచి ఊదుతూనే ఉన్నాను. మా అత్త ఒక్కసారి కూడా చాలు అనలేదు.